కట్టీ సార్క్: టీ ఓడ మ్యూజియం ఎలా అయింది? తరచుగా అడిగే ప్రశ్నలు

లండన్ గ్రీనిచ్‌లో థేమ్స్ ఒడ్డున, గాజు పైకప్పు మీద తేలుతున్నట్టు కనిపించే పాత తెరచాప ఓడ కట్టీ సార్క్. చూసొచ్చినవాళ్లూ చూడబోయేవాళ్లూ దాదాపు ఒకే రకం సందేహాలు అడుగుతుంటారు. "మొత్తం కాలిపోయిందట కదా, ఇప్పుడున్నది నకలేనా?" అన్నది వాటిలో మొదటిది. అందుకే సందేహాలన్నీ ఒకచోట పెట్టాం. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికే వెళ్లొచ్చు.

## పుట్టుక

ఈ పేరుకి అర్థమేంటి? ఓడకి ఇలాంటి పేరెందుకు పెట్టారు?

స్కాట్లాండ్ మాటలో "కట్టీ సార్క్" అంటే పొట్టి చొక్కా, ఆడవాళ్ల లోపలి వస్త్రం. రాబర్ట్ బర్న్స్ రాసిన "టామ్ ఓ షాంటర్" కవితలో నానీ అనే మంత్రగత్తె ఈ పొట్టి చొక్కాతోనే గంతులేస్తుంది. ఆమె గుర్రం మీద పారిపోతున్న టామ్‌ను వెంటాడుతుంది కానీ ఆమె చేతికి గుర్రం తోక మాత్రమే దొరుకుతుంది. ఓడ ముక్కు కింద చెక్కిన బొమ్మ ఆ నానీదే. కథ ప్రకారం మంత్రగత్తెలు పారే నీటిని దాటలేరు. అలాంటి పేరును సముద్రం దాటే ఓడకు పెట్టడంలో చమత్కారం ఉంది.

ఎవరు కట్టారు? ఎంత ఖర్చయింది?

యజమాని లండన్ ఓడల వ్యాపారి జాన్ విల్లిస్. స్కాట్లాండ్‌లోని డంబార్టన్‌లో స్కాట్ అండ్ లింటన్ కంపెనీకి పని అప్పగించాడు. నమూనా గీసింది హెర్క్యులస్ లింటన్. టన్నుకు 17 పౌండ్ల లెక్కన మొత్తం 16,150 పౌండ్లకు ఒప్పందం కుదిరింది. విల్లిస్ బేరంలో గట్టివాడు, నాణ్యతలో ఇంకా గట్టివాడు. ఆ ధరకు పని గిట్టుబాటు కాక కట్టేవాళ్లు మధ్యలోనే దివాలా తీశారు. మిగిలిన పనిని పక్కనే ఉన్న డెన్నీ కంపెనీ పూర్తి చేసింది. 1869 నవంబర్ 22న ఓడను నీటిలోకి దింపారు.

ఇది చెక్క ఓడా, ఇనప ఓడా?

రెండూ. పక్కటెముకలు, దూలాలు చేత ఇనుము. వాటి మీద బిగించిన బయటి పలకలు చెక్క. నీటి మట్టానికి పైన టేకు, కింద రాక్ ఎల్మ్ అనే గట్టి చెక్క. ఇలా కట్టడానికి కారణాలున్నాయి. మొత్తం చెక్కతో కడితే పక్కటెముకలు లావుగా ఉండి సరుకు జాగాను తినేస్తాయి. మొత్తం ఇనుముతో కడితే అడుగున నాచు, గవ్వపురుగులు పట్టి వేగం పడిపోతుంది. ఇనుము మీద నేరుగా రాగి రేకు కొట్టలేరు, ఉప్పునీటిలో రెండూ కలిస్తే ఇనుము కరిగిపోతుంది. చెక్క పలకల మీదైతే రాగి మిశ్రమం రేకును ధీమాగా కొట్టొచ్చు. అప్పటికి ఇది తెలివైన ఉపాయమే. నూరేళ్ల తర్వాత మ్యూజియం వాళ్లకు పెద్ద తలనొప్పి తెచ్చిపెట్టింది కూడా ఈ ఉపాయమే.

963 టన్నులు అంటారు, అది ఓడ బరువా?

కాదు. చాలామంది పొరపడేది ఇక్కడే. రిజిస్టర్ టన్ను జాగాకు కొలత, బరువుకు కాదు. ఒక టన్ను అంటే 100 ఘనపు అడుగుల చోటు. హల్ (ఓడ దేహం) పొడవు 212 అడుగుల పైచిలుకు, వెడల్పు 36 అడుగులు. ముక్కు ముందుకు చొచ్చుకొచ్చిన కర్రతో కలిపితే దాదాపు 280 అడుగులు.

సూయజ్ కాలువ తెరిచాక కట్టడమేంటి, ముందుచూపు లేకనా?

కాలువ తెరిచింది 1869 నవంబర్ 17న. ఈ ఓడ నీళ్లలోకి దిగింది సరిగ్గా 5 రోజులకు. ఆర్డర్ ఇచ్చేనాటికి కాలువ సంగతి తెలియక కాదు. అది ఎంత పనికొస్తుందో, ఆవిరి ఓడలు అంత దూరం బొగ్గు ఖర్చు తట్టుకుంటాయో లేదో అని చాలామందికి అనుమానం ఉండేది. తెరచాప ఓడకు ఆ దారి ఎలాగూ పనికిరాదు. కాలువలో లాగుడు పడవ కావాలి, ఎర్రసముద్రంలో గాలులు సహకరించవు. కాబట్టి ఆఫ్రికా కొన చుట్టూ తిరిగి రావాల్సిందే. ఆవిరి ఓడలకు మాత్రం వేల మైళ్లు తగ్గిపోయాయి. టీ వ్యాపారం పదేళ్లు తిరక్కుండానే చేజారింది.

## సరుకు మోసిన రోజులు

టీ ఎంత పట్టేది? ఎలా నింపేవాళ్లు?

మొదటి ప్రయాణంలో షాంఘై నుంచి తెచ్చింది 13 లక్షల పౌండ్ల బరువుకు పైచిలుకు, అంటే సుమారు 590 టన్నులు. టీ తేలిక సరుకు. దానికి తోడు అడుగున బరువు లేకపోతే ఓడ ఒరిగిపోతుంది. అందుకే ముందు అడుగంతా గులకరాళ్లు పరిచి చదును చేసేవాళ్లు. వాటి మీద టీ పెట్టెలు పేర్చేవాళ్లు. పక్కల వంపు దగ్గర ఖాళీ మిగలకుండా చైనా కూలీలు చెక్క సుత్తులతో కొట్టి మరీ పెట్టెల్ని ఇరికించేవాళ్లు. ఒక్క పెట్టె కదిలినా తుఫానులో వరస మొత్తం కదులుతుంది. తడి తగిలితే టీ పాడైపోతుంది.

ప్రపంచంలోనే వేగమైన ఓడ అంటారు. మరి టీని అందరికన్నా ముందు లండన్ చేర్చే పందెం గెలిచిందా?

లేదు. 1870 నుంచి 1877 దాకా 8 సార్లు టీ తెచ్చింది, ఒక్క ఏడాదీ అందరికన్నా ముందు రాలేదు. దీని పేరు మోగిపోవడానికి కారణం ఓడిపోయిన ఒక పందెమే. 1872 జూన్ 18న ఇదీ, థర్మోపిలే అనే పోటీ ఓడా షాంఘై నుంచి ఒకే రోజు బయల్దేరాయి. సుండా జలసంధి దాటాక కట్టీ సార్క్ దాదాపు 400 మైళ్లు ముందుకెళ్లింది. ఆగస్టు 15న పెద్ద తుఫానులో చుక్కాని ఊడి కొట్టుకుపోయింది.

ఓడలోనే ఉన్న యజమాని తమ్ముడు దగ్గరి రేవుకు పోదామని పట్టుబట్టాడు. కెప్టెన్ మూడీ ససేమిరా అన్నాడు. ఊగిపోతున్న డెక్కు మీదే కొలిమి పెట్టి, మిగులు కర్రలతో, ఇనుముతో కొత్త చుక్కాని చేయించాడు. ఒక అల కొలిమిని తిరగేసింది. తిత్తి ఊదుతున్న కెప్టెన్ కొడుకు మీద నిప్పులు పడ్డాయి. అయినా పని ఆగలేదు. చివరికి థర్మోపిలే చేరిన వారం తర్వాత, మొత్తం 122 రోజులకు లండన్ చేరింది. చుక్కాని చేసిన వడ్రంగి హెన్రీ హెండర్సన్‌కు 50 పౌండ్ల బహుమానం దక్కింది.

అయితే వేగం పేరు ఎక్కడ వచ్చింది?

ఆస్ట్రేలియా ఉన్ని రవాణాలో. 1883 నుంచి ఇదే పని. టీ దారిలో తేలిక గాలులు ఎక్కువ. దక్షిణ సముద్రాల్లో హోరుగాలి, ఈ ఓడ అడుగు ఆకారం దానికే సరిపోయింది. 1885లో రిచర్డ్ వుడ్జెట్ కెప్టెన్ అయ్యాక సిడ్నీ నుంచి 73 రోజుల్లో ఇంగ్లండ్ చేర్చాడు. ఒక్క రోజులో 363 నాటికల్ మైళ్లు, గరిష్ఠంగా 17.5 నాట్లు (గంటకు అన్ని నాటికల్ మైళ్లు) నమోదయ్యాయి. 1889లో బ్రిటానియా అనే కొత్త ప్రయాణికుల ఆవిరి ఓడను రాత్రిపూట దాటేసింది. తమను దాటింది తెరచాప ఓడ అంటే ఆవిరి ఓడ వాళ్లకే నమ్మబుద్ధి కాలేదు.

ఇంకో విచిత్రం: ఈ వేగమంతా తెరచాపలు తగ్గించాక వచ్చింది. 1880లో ఖర్చు, మనుషులు తగ్గించుకోవడానికి తెరచాపలు కట్టే కొయ్యల్ని (నిలువు స్తంభాల్ని) 9 అడుగుల పైగా కోసేశారు.

మన తీరానికి ఎప్పుడైనా వచ్చిందా?

వచ్చింది. టీ పోయి, ఉన్ని ఇంకా దొరకని మధ్యకాలంలో ఏ రేవులో ఏ సరుకు దొరికితే అది ఎక్కించుకుంది. కలకత్తా నుంచి జనుము మోసింది. 1882-83లో మద్రాసు, భీమునిపట్నం, కాకినాడ రేవులు తిరిగి బెల్లం, కరక్కాయ, జంతువుల కొమ్ములు నింపుకుని లండన్ వెళ్లింది. కరక్కాయ మందుకోసం అనుకునేరు. అక్కడి తోళ్ల పరిశ్రమకు, చర్మాలు పదును చేయడానికి అది కావాలి. భీమిలి, కాకినాడల్లో ఇంత ఓడ గట్టుకు ఆనుకునే వీలు లేదు. దూరంగా లంగరేస్తే పడవలు సరుకు చేరవేసేవి. కాకినాడ యాంకరేజ్ పోర్టులో బార్జీలు ఇవాళ్టికీ చేస్తున్నది అదే పని.

## చేతులు మారిన కాలం

పాత ఓడల్ని విరిచేస్తారు కదా, ఇది ఎలా మిగిలింది?

పోర్చుగల్ వాళ్లు కొనుక్కోవడం వల్ల. 1895లో ఫెరేరా అనే కంపెనీకి 1,250 పౌండ్లకు అమ్మేశారు. పేరు కూడా ఫెరేరా అయింది, నావికులు మాత్రం తమ భాషలో "చిన్న చొక్కా" అనే పిలిచారు. ఇంకో పాతికేళ్లు చెమటోడ్చింది. 1916లో తుఫానులో కొయ్యలు విరిగితే, కేప్‌టౌన్‌లో ఖర్చు తక్కువ పద్ధతిలో తెరచాపల అమరిక మార్చేశారు. 1922లో ఇంకో పోర్చుగీసు యజమానికి వెళ్లి మరియా దో అంపారో అయింది. అదే ఏడాది ఇంగ్లండ్ రేవులో ఈ గతి పట్టిన ఓడను కెప్టెన్ విల్‌ఫ్రెడ్ డౌమన్ గుర్తుపట్టి 3,750 పౌండ్లు పోసి కొన్నాడు. అమ్మినప్పటి ధరకు ఇది మూడు రెట్లు.

తర్వాత నేరుగా మ్యూజియం అయిందా?

మధ్యలో బడి అయింది. డౌమన్ ఫాల్మత్ రేవులో పాత రూపు తెప్పించి, కుర్రాళ్లకు శిక్షణ ఓడగా వాడాడు. ఆయన పోయాక భార్య 1938లో దాన్ని థేమ్స్ మీది నావికా శిక్షణ కళాశాలకు ఇచ్చేసింది, నిర్వహణకు 5,000 పౌండ్లు కూడా జతచేసి. యుద్ధం తర్వాత కళాశాలకు అక్కర లేకపోయింది. నేషనల్ మారిటైమ్ మ్యూజియం డైరెక్టర్ ఫ్రాంక్ కార్, రాణి భర్త ఎడిన్‌బరో డ్యూక్ పూనుకుని సంరక్షణ సంఘం పెట్టారు. 1954 డిసెంబర్‌లో గ్రీనిచ్‌లో ప్రత్యేకంగా కట్టిన పొడి డాక్‌లోకి (నీళ్లు లేకుండా ఓడను నిలిపే గొయ్యిలోకి) తెచ్చారు. 1957 జూన్ 25న రాణి ఎలిజబెత్ ప్రారంభించారు.

## నేల మీద బతుకు

ఓడ అన్నాక నీళ్లలోనే ఉంచొచ్చు కదా?

ఉంచితే ప్రతి కొన్నేళ్లకోసారి బయటికి లాగి అడుగు బాగుచేయాలి, నిరంతరం నీళ్లు తోడాలి. నేల మీద ఆ ఖర్చు తప్పుతుంది. కానీ కొత్త బాధలు మొదలవుతాయి. నీటిలో ఓడ బరువును నీరు అన్నివైపులా సమంగా మోస్తుంది. డాక్‌లో బరువంతా అడుగుదూలం మీద పడుతుంది, పక్కలు మెల్లగా కిందికి, బయటికి జారతాయి. నానిన చెక్క ఎండి కుంచించుకుపోయి సందులు విచ్చుకుంటాయి. ఆ సందుల్లోంచి దిగే వాననీరు సముద్రపు నీటికన్నా ప్రమాదం. ఉప్పు చెక్కను కొంత కాపాడుతుంది, మంచినీరు బూజునూ కుళ్లునూ పెంచుతుంది. అందుకే పాత ఓడలు సాధారణంగా పైనుంచి కిందికి కుళ్లుతాయి.

2006లో ఎందుకు మూసేశారు? అంత పాడైందా?

పాడైంది, అదీ కళ్లకు కనపడని చోట. ఇనప పక్కటెముకలకూ చెక్క పలకలకూ మధ్య దశాబ్దాల ఉప్పు ఇంకి ఉంది. చెక్కను బిగించిన బోల్టులు, అడుగు రేకులు రాగి మిశ్రమం. తడి ఉప్పు, ఇనుము, రాగి మూడూ ఒకచోట చేరితే అది బ్యాటరీయే. ఇనుము కరుగుతూ పోతుంది, తుప్పు ఉబ్బి పలకల్ని బయటికి నెడుతుంది, దాని చుట్టూ ఉన్న చెక్క నల్లబడి మెత్తబడుతుంది. పైన రంగు వేస్తే ఆగే జబ్బు కాదు. పలకలు ఊడదీసి, ఇనుములోంచి ఉప్పు వదిలించి, రక్షణ పూత వేసి మళ్లీ బిగించాలి. ఏ పలక ఎక్కడిదో గుర్తు తప్పకుండా ప్రతిదానికీ నంబరు వేయాలి.

2007 అగ్నిప్రమాదం ఎలా జరిగింది?

మరమ్మతు మధ్యలో ఉండగా, మే 21 తెల్లవారుజామున మంటలు లేచాయి. ఎవరో తగలబెట్టారన్న పుకారు చాలాకాలం తిరిగింది. దర్యాప్తులో తేలింది వేరు: పనిచోట చెత్త లాగే పెద్ద వాక్యూమ్ క్లీనర్‌ను వారాంతమంతా ఆన్‌లో వదిలేశారు. పాత చెక్క కట్టడాల మరమ్మతుల్లో ఇది మామూలుగా పొంచి ఉండే ప్రమాదం. పొడి చెక్క, తారు, చెక్కపొట్టు, మనుషులు లేని రాత్రి ఒక్కచోట చేరతాయి. పని ముగిశాక కరెంటు మెయిన్ తీసేయడం, ఆ తర్వాత ఒకరు చుట్టూ తిరిగి చూడటం, ఈ రెండూ ఏ ఆధునిక పరికరం కన్నా ఎక్కువ కాపాడతాయి.

అంతా కాలిపోయింది కదా, ఇప్పుడున్నది నకలేనా?

నకలు కాదు. టీవీలో చూసినవాళ్లకు ఓడ బూడిదైనట్టే అనిపించింది. నిజానికి అప్పటికే పలకల్లో సగానికి పైగా, కొయ్యలు, ముందుబొమ్మ, గదుల సామాను ఊడదీసి వేరేచోట భద్రం చేశారు. కాలింది ప్రధానంగా డెక్కులు, వాటిలోనూ పై డెక్కు తర్వాతి కాలంలో వేసినది. ఇనప పక్కటెముకలు కొన్నిచోట్ల వంగినా నిలిచాయి. అసలు ఓడలో పోయింది 5 శాతం లోపేనని అంచనా. ఖర్చు మాత్రం రెట్టింపై 5 కోట్ల పౌండ్ల దాకా వెళ్లింది. 2012 ఏప్రిల్‌లో మళ్లీ తెరిచారు.

ఓడను గాలిలోకి ఎందుకు లేపారు? దాని మీద గొడవేంటి?

3.3 మీటర్లు లేపారు. పాత పక్కటెముకల మధ్య కొత్త ఉక్కు పక్కటెముకలు దూర్చి, డాక్ నుంచి వాలుగా వచ్చే ఉక్కు ఊతల మీద బరువు ఆన్చారు. అడుగుదూలం మీద భారం తగ్గింది. జనం కింద నడుస్తూ వేగానికి కారణమైన ఆ పదునైన అడుగు ఆకారాన్ని కళ్లారా చూడొచ్చు. నీటి మట్టం దగ్గర గాజు కప్పు వేశారు, దాని కింద జాగా విందులకు అద్దెకిస్తారు, ఆ డబ్బుతో ఓడ బతుకుతుంది.

విమర్శలూ గట్టివే. ఏ ఓడనూ ఇలా పక్కల దగ్గర పట్టుకుని మోయడానికి కట్టరు కదా అన్నారు. గాజు కప్పు బయటినుంచి ఓడ అందాన్ని మింగేసిందన్నారు. 2012లో బ్రిటన్‌లో అందవికారమైన కట్టడానికిచ్చే కార్బంకుల్ కప్ దీనికే దక్కింది. మా మాట అడిగితే, బయటినుంచి చూస్తే విమర్శకులది నిజం, కింద నిలబడి చూస్తే ఇంజినీర్లది నిజం.

అడుగున బంగారంలా మెరిసే రేకులేంటి?

మంట్జ్ మెటల్. సుమారు 60 పాళ్లు రాగి, 40 పాళ్లు జింకు. 1832లో జార్జ్ మంట్జ్ పేటెంట్ చేసిన మిశ్రమం ఇది. రాగికన్నా చవక, గట్టిది, నాచునూ చెక్క తొలిచే పురుగునూ దగ్గరికి రానివ్వదు. ఇప్పుడు కనిపించే రేకులు కొత్తవి.

తాళ్లు, కొయ్యలు అలంకారమేనా? వాటికి పని ఉందా?

మొత్తం తాళ్ల పొడవు సుమారు 11 మైళ్లు, ప్రధాన కొయ్య ఎత్తు 152 అడుగులు. ఓడ కదలకపోయినా ఎండ, వాన, గాలి ఆగవు. కొయ్యల్ని పట్టి నిలిపే బిగుతు తీగల మీద చుట్టిన గుడ్డ, తారు తడి లోపలికి పోకుండా ఆపుతాయి. ఆ చుట్టు ఒక్కచోట పగిలితే నీరు లోపల నిలిచి తీగ బయటికి బాగానే కనిపిస్తూ లోపల తుప్పు పడుతుంది. కింద జనం తిరుగుతారు కాబట్టి అది అలంకారం లెక్కన వదిలేసే విషయం కాదు, క్రమం తప్పక పైకెక్కి చూడాల్సిందే. ఒకప్పుడు 32 తెరచాపలు కలిపి 32,000 చదరపు అడుగులు ఉండేవి. ఇప్పుడు తెరచాపలు కట్టరు, గాలి పడితే ఊతల మీద భారం పెరుగుతుంది.

## చూడ్డానికి వెళ్తే

ఎలా వెళ్లాలి? ఎంత సమయం పడుతుంది?

డీఎల్ఆర్ (డాక్‌ల్యాండ్స్ లైట్ రైల్వే) రైల్లో "కట్టీ సార్క్" అనే స్టేషనే ఉంది, దిగి రెండు నిమిషాలు నడిస్తే చాలు. థేమ్స్ పడవల్లో వస్తే గ్రీనిచ్ పియర్ పక్కనే. సాధారణంగా ఉదయం 10 నుంచి సాయంత్రం 5 దాకా. వెళ్లే రోజు వేళలు మ్యూజియం సైట్‌లో ఒకసారి చూసుకోండి. గంటన్నర పెట్టుకోండి. ప్రవేశం హల్ పక్కన చేసిన ద్వారం గుండా సరుకు గదిలోకి. అక్కడినుంచి పైకి, డెక్కు మీదికి, చివర్లో ఓడ కిందికి. పెద్దవాళ్లతో వెళ్తే లిఫ్టు ఉంది. సందర్శకుల్లో చాలామంది డెక్కు చూసి వెనుదిరుగుతారు. అసలు చూడాల్సింది అడుగు. అక్కడే 80కి పైగా పాత ఓడల ముందుబొమ్మలు వరసగా నిలబెట్టారు.

కొయ్య ఎక్కనిస్తారా?

ఎక్కనిస్తారు, నడుముకి తాడు బెల్టు కట్టి, శిక్షకులతో. టికెట్ వేరు, ముందే బుక్ చేసుకోవాలి.

కట్టీ సార్క్ విస్కీకీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. ఓడే ముందు. ఓడ పోర్చుగల్ నుంచి ఇంటికి తిరిగొచ్చిన సందడిలో, 1923లో విస్కీకి ఆ పేరు పెట్టారు. సీసా మీది బొమ్మ ఈ ఓడదే.

మన దేశంలో కట్టిన తెరచాప ఓడ ఏదైనా ఇలా మిగిలిందా?

ఉంది, అదీ ఇంగ్లండ్‌లోనే. ఉత్తరాన హార్ట్‌ల్‌పూల్‌లో ట్రింకోమలీ అనే యుద్ధనౌక. బొంబాయిలో జంషెట్జీ బొమన్జీ వాడియా మలబారు టేకుతో కట్టాడు, 1817 అక్టోబర్ 12న నీటిలోకి దించారు. అడుగుదూలం వేసేటప్పుడు పార్శీ ఆచారం ప్రకారం వెండి మేకు కొట్టారు. టేకులోని నూనె ఇనప మేకుల్ని తుప్పు నుంచి కాపాడుతుంది, ఓక్ చెక్కలోని ఆమ్లం వాటిని తినేస్తుంది. ఇన్నేళ్లు నిలవడానికి అది పెద్ద కారణం. కట్టీ సార్క్ నేలమీదుంటే ట్రింకోమలీ ఇవాళ్టికీ నీటిలో తేలుతోంది. దాని ముందుబొమ్మ తలపాగా చుట్టిన మీసాల మనిషి.

ముందుబొమ్మ చేతిలో తాడు పీచు పెట్టేవాళ్లట, నిజమేనా?

నిజమే. నానీ చేతికి చిక్కింది గుర్రం తోక కదా. రేవు దగ్గర పడ్డప్పుడు కుర్ర నావికులు పాత తాడును పీచులు విప్పి బొమ్మ చేతిలో తోకలా కట్టేవాళ్లు. బొమ్మలు మాత్రం సముద్రానికి ఎక్కువ కాలం ఆగవు, చేతులు, తలలు విరిగిపోయి మార్చాల్సి వచ్చేది. ఇప్పుడు ఓడ ముక్కున ఉన్నది 2021లో కొత్తగా చెక్కించి పెట్టినది.